మైలా, ఎలపట!

ఖానాపూర్ పక్క పల్లెలో హనుమండ్లు అనే రైతు ఉండేవాడు. దుక్కి దున్నడంలో తనను మించినవాడు లేడని ఊరంతా అనేది. ఊరికంటే ముందు అతనే అనేవాడు. ముప్పై ఎనిమిదో ఏట అమ్మవారు పోసి, ప్రాణం మిగిల్చి రెండు కళ్లూ తీసుకుపోయింది. ఎడ్ల జత అమ్మేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు భార్య కిష్టవ్వ చెయ్యి పట్టుకునే బతికాడు. చెంబుతో చెలకవైపు పోవాలన్నా ఆమెనే పిలవాలి. ఆ సిగ్గుకు సగం చచ్చిపోయాడు.

అట్లాంటి ఇంటికి ఒక బూడిదరంగు కుక్కపిల్ల వచ్చి చేరింది. అదే రంగుండి అమ్ముడుపోయిన మైలెద్దు గుర్తుగా దానికి మైలగాడని పేరు పెట్టాడు.

"కండ్లే పోయినయనుకున్న, నీ తెలివి గూడ పోయింది. కుక్కకు ఎద్దు పేరా!" అంది కిష్టవ్వ. కుక్క ముట్టిన గిన్నె ఇంట్లోకి రానిచ్చేది కాదు. గోడ పక్కన పగిలిన చిప్పలో ఇంత గంజి పోసేది.

నవ్వితే నవ్వండి గాని, హనుమండ్లుకు వచ్చిన అదిలింపు ఒక్కటే, నాగలి వెనక అదిలింపు. కుడికి "ఎలపట", ఎడమకు "దాపట". ఎద్దు మెడపట్టెడను కురచగా కోసి కుక్క మెడకు కట్టి, పగ్గం చేతబట్టి ఆ మాటలే నేర్పాడు. ఏడాది తిరిగేసరికి మైలగాడు అతన్ని చేనుకు, మంగలి దగ్గరికి, చాయ కొట్టుకు తీసుకుపోయేవాడు. మెట్టు వస్తే ఆగేవాడు. హనుమండ్లు కాలితో తడుముకునేదాకా కదిలేవాడు కాదు. చేలో పిట్టలు తోలే పని మళ్లీ హనుమండ్లుదే అయింది.

మొదటిసారి వారపు అంగడికి పోయిన రోజు మాత్రం పరువు పోయింది. తోవ నిండా బండ్లు. ప్రతి బండివాడూ తన ఎడ్లకు "ఎలపట", "దాపట" అని అరుస్తుంటే, మైలగాడు వినబడ్డ ప్రతి మాటకూ తిరిగి, చివరికి యజమానిని మిరపకాయల కుప్పలో నిలబెట్టాడు. అంగడంతా నవ్వులు, తుమ్ములు! ఇంటికొచ్చి హనుమండ్లు తల పట్టుకున్నాడు. అంతలో తట్టింది. ఎద్దును పేరు పెట్టి కదా పిలుస్తాం! ఆ రోజు నుంచి ముందు "మైలా", తర్వాతే మాట. పేరు లేని మాటకు కదలొద్దని మూడు నెలలు నేర్పాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో పిచ్చికుక్క ఇద్దరిని కరిచింది. ఆ రోజు పొద్దుగూకేలోగా ఊళ్లో కుక్కలన్నింటినీ కొట్టి చంపాలని పటేలు లక్ష్మీరాజం డప్పు వేయించాడు. హనుమండ్లు పగ్గం పట్టుకుని చావడికి ఉరికాడు.

"పటేలా, గిది కుక్క గాదు, నా కండ్లు. దీన్ని సంపితే నన్ను మల్ల మంచంల కూసోబెట్టినట్టే."

"కుక్క కండ్లెట్ల అయితదిరా?"

"గియ్యాల అంగడే గదా. ఎవ్వల చెయ్యి పట్టకుండ పోయి, మల్ల నా ఇంటి ముంగటికి వస్త. నడుమ ఒక్కపారి తప్పినా దీన్ని మీకే అప్పజెప్త."

"మాటేనా?"

"మాటే."

ఊరంతా వెనక పడింది. కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుని అందరిలో కలిసి నడిచింది. అంగడి తోవలో "ఎలపట! ఎలపట!" అని ఒక బండివాడు గొంతు చించుకున్నాడు. మైలగాడు చెవి కూడా కదపలేదు! అడ్డంగా పడుకున్న బర్రెను చుట్టాడు, ఉల్లిగడ్డల కుప్పను తప్పించాడు. ఈలలే ఈలలు! హనుమండ్లు అంగడిలో చాయ తాగి, మీసం దువ్వుకుని వెనక్కి తిరిగాడు. ఆ నడక చూసి తీరాలి!

ఇక మిగిలింది ఇంటి సందు మలుపు ఒక్కటే. మలుపులో ఎత్తయిన మట్టిగోడ.

"మైలా, ఎలపట!"

మైలగాడు ఆగిపోయాడు.

"మైలా, ఎలపట!"

ఈసారి వెనక్కి తిరిగి, అతని కాళ్లకు అడ్డంగా పడుకున్నాడు.

"తప్పింది! తప్పింది!" అని వెనక నుంచి కేకలు లేచాయి. దుడ్డుకర్ర పట్టుకుని పటేలు మనిషి కైలాసం ముందుకొచ్చాడు.

హనుమండ్లుకు ఒళ్లు మండింది. తీరా ఇంటి ముందరకొచ్చి పరువు తీస్తుందా! చేతికర్ర ఎత్తాడు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగింది. మంచి ఎద్దు సాలులో ఉత్తపుణ్యానికి నిలబడదు. నిలబడిందంటే నాగలికి వేరో రాయో తగిలినట్టే. ఆ మాట ఊరందరికీ చెప్పింది తనే కదా! కర్ర దించి, కుక్క మీదుగా ముందుకు చాచాడు. నేల తగల్లేదు. వంగాడు. పిడికిలి దాకా దించినా తగల్లేదు.

కైలాసం గోడ మూల నుంచి తొంగిచూసి కెవ్వుమన్నాడు. "హనుమండ్లూ, కదలకు! మనిషి నిలువు గుంత!"

వాళ్లంతా అంగడికి పోయాక కరెంటు స్తంభం కోసం తవ్విన గుంత అది. తవ్వినవాళ్లు అన్నానికి పోయారు. గోడ చాటున ఉండటంతో వెనక వస్తున్న ఇన్ని జతల కళ్లలో ఒక్కదానికీ కనిపించలేదు.

పటేలు వచ్చి గుంతలోకి చూశాడు, కుక్కను చూశాడు.

"కైలాసం, ఆ కర్ర అవతల పారెయ్. ముందుగాల గుంత మీద ఏదన్న కప్పు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "హనుమండ్లూ, నీ కండ్లను నువ్వు తోల్కపో," అన్నాడు.

హనుమండ్లు అక్కడే కూలబడి, కొట్టబోయిన చేతితోనే మైలగాణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. లేచి, "మైలా, దాపట," అన్నాడు. మైలగాడు ఎడమకు జరిగి, గుంతను చుట్టి, గడప ముందు ఆగాడు.

ఆ పూట హనుమండ్లు పీట మీద కూర్చుని కంచం కోసం తడుముకున్నాడు. దొరకలేదు. కంచం చప్పుడు వాకిట్లోంచి వస్తోంది.

"నా కంచమేదే?"

"జర ఆగు," అంది కిష్టవ్వ. "మైలయ్య తింటుండు."

గోడ పక్కన పగిలిన చిప్ప బోర్లా పడి ఉంది.