కుడికే పోయిన రాయి

ఆ రోజుల్లో నాకు మనుషుల కంటే సూత్రాల మీద నమ్మకం ఎక్కువ. కెనడాలో, సస్కటూన్‌లోని ఒక హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్‌గా చేరిన మొదటి చలికాలం. కాంట్రాక్టు ఒక్క ఏడాదికే; పొడిగించాలో వద్దో నా క్లాసు చూసి మా డిపార్ట్‌మెంట్ హెడ్ తేల్చాలి. ఆయన నోరు విప్పకుండా నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయే పెద్దమనిషి. ఆయన్ని మెప్పిద్దామని పదకొండో తరగతి పిల్లల్ని కర్లింగ్ ఆడే చోటికి తీసుకెళ్లి, ఘర్షణ పాఠం అక్కడ పెట్టాను. (కర్లింగ్ అంటే ఐస్ మీద బరువైన రాయిని తిప్పి జారవిడిచి, దాని ముందు చీపుర్లతో ఊడ్చే ఆట. ఊడ్చడం ఆటేమిటని నాకు మొదట్నుంచీ అనుమానమే.)

ముందురోజు వంటింట్లో స్టీలు గ్లాసు బోర్లించి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ బల్ల మీదకి తోశాను. ఎడమకి వంగింది. లెక్కా అదే చెప్పింది. కాబట్టి రాయి కూడా ఎడమకే పోతుందని హెడ్ ఎదుట ధీమాగా ప్రకటించాను. క్లాసులో ఉన్న ఒక్కగానొక్క తెలుగుపిల్ల, డాక్టర్ గారమ్మాయి, నేను చెప్పినట్టే తిప్పి రాయి వదిలింది. అది తీరుబడిగా కుడికి పోయింది.

అనుమానం పెనుభూతం అన్నారు. పిల్లలంతా కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఊడ్చేవాళ్లు దారి మళ్లించారేమోనని చీపుర్లు లాక్కున్నాను. కుడికే. ఐస్ వాలుగా ఉందేమోనని అవతలి చివర నుంచి వేయించాను. కుడికే. రాయిలో ఏదో మతలబు ఉందని ఇంకో రాయి తెప్పించాను. మళ్లీ కుడికే. "వదిలేటప్పుడు చెయ్యి తిప్పేస్తున్నావు కదూ?" అని ఆ పిల్లని అందరి ముందూ నిలదీశాను. దాని మొహం ఎర్రబడింది. చివరికి నేనే వేశాను. అదీ కుడికే పోయేసరికి, నా కుందేలుకి మూడే కాళ్లని వాదించే ఓపిక నాకే లేకపోయింది.

ఎందుకిలా అని హెడ్ అడిగాడు. తెలీదన్నాను. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆయన మాత్రం తనకీ తెలీదనీ, పెద్ద పెద్ద సైంటిస్టులే దీనిమీద ఇంకా పోట్లాడుకుంటున్నారనీ చెప్పి, ఒక్కొక్క కారణాన్నీ ఇలా కొట్టేస్తూ రావడం మీ టీచర్ ముందే అనుకున్నదేనా అని పిల్లల్ని అడిగాడు.

డాక్టర్ గారమ్మాయి నావైపు చాలాసేపు చూసింది. "యెస్ సర్," అంది. "మిస్ ప్లాన్డ్ ఇట్."

కాంట్రాక్టు పొడిగించారు. పిల్లలకి అనుమానించడం చక్కగా నేర్పుతుందని నా గురించి రాశారట. నిజానికి ఆవేళ నేను అందరినీ అనుమానించాను, నా లెక్కని తప్ప. అప్పటి ఆ గర్విష్ఠిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. తప్పొప్పుకుని ఆ పిల్లకి సారీ చెప్పడానికి నాకు ఐస్ అంతా కరిగి, జూన్ రావలసి వచ్చింది.