ఓడితే మావయ్యదే తప్పు

మా మావయ్యకో జబ్బుంది. కాలేజీ జట్టు ఎక్కడ ఓడినా తప్పు తనదేనని ఎగబడి ఒప్పేసుకుంటాడు. ఆ కాలేజీలో ఆటల మాస్టారుగా చేరిన నాటి నుంచీ ఇదే వరస. జట్లు ఓడుతూనే ఉన్నాయి, ఈయన ఒప్పుకుంటూనే ఉన్నాడు.

"బంతిలో గాలి నేనే తక్కువ కొట్టాను సార్." "అరటిపళ్లు మరీ పచ్చివి తెచ్చాను సార్." ఓసారి వానలో కాళ్లు జారి ఓడితే, "పొద్దున గొడుగు మర్చిపోయాను సార్, అందుకే కురిసింది" అన్నాడు. ఇంట్లో టీవీలో ఎవరో ఓడినా, "అయ్యో, మధ్యలో నేను లేచి వెళ్లానే!" అని నెత్తి కొట్టుకునేవాడు.

"మీరు లేస్తే అక్కడెవరో ఓడతారా? చోద్యం కాకపోతే!" అనేది అత్తయ్య.

వినగా వినగా ప్రిన్సిపాల్‌గారు నమ్మేశారు. అమ్మాయిల వాలీబాల్ జట్టు మొట్టమొదటిసారి ఫైనల్‌కొచ్చింది. మావయ్య రిటైరయ్యే ఏడాది. ముందురోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి చెప్పారు: "మాస్టారూ, మీరు పక్కనుంటే మనకు అచ్చిరావడం లేదు. రేపు గ్రౌండుకు మాత్రం రాకండి."

తన పిల్లలు ఒక్క కప్పు పైకెత్తుతుంటే కళ్లారా చూడాలని ఉద్యోగమంతా ఎదురుచూసిన మనిషి. "అలాగే సార్" అని వచ్చేశాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఫైనల్ రోజు హాల్లో ఉత్త గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "ఇప్పుడు టాస్ వేసుంటారు... ఇప్పుడు మా కెప్టెన్ జడ బిగించుకుంటూ ఉంటుంది. సర్వీసు ముందు దానికదే అలవాటు." ఆ గొంతులో బెంగ వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ మోగితే నేనే తీశాను. ఓడిపోయారు. కెప్టెన్ ఆఖరి సర్వీసు నెట్‌కు తగిలిందట. ప్రిన్సిపాల్‌గారు ఆ పిల్లను అందరి ముందూ చెడామడా తిడుతున్నారట.

అత్తయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. "పీడా పోయింది! మీరు వెళ్లకపోయినా ఓడారుగా! ఇకనైనా మిమ్మల్నెవరూ అనరు. హాయిగా రిటైరవ్వండి."

మావయ్య అప్పటికే స్కూటర్ తీశాడు. నేను వెనకెక్కాను.

గ్రౌండులో ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. మావయ్య నేరుగా ప్రిన్సిపాల్‌గారి ముందుకెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"క్షమించండి సార్. మనసాగక మొదటి నుంచీ గోడ వెనక నక్కి చూస్తున్నాను. సరిగ్గా ఆ ఆఖరి సర్వీసుకే తల బయటపెట్టాను."

"అనుకున్నాను! రావద్దని చెప్పానా లేదా?" తిట్లన్నీ ఇటు మళ్లాయి. మావయ్య తల వంచుకుని అన్నీ తిన్నాడు. ఆ గ్రౌండు చుట్టూ ఉన్నది ఇనప కంచె. కోపంలో ప్రిన్సిపాల్‌గారికి ఆ సంగతే తట్టలేదు.

ఆయన వెళ్లాక ఆ పిల్ల ముక్కు ఎగపీల్చి, "మాస్టారూ, ఇక్కడ గోడెక్కడుందండీ?" అంది. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చేసింది దానికి.

"నీకెందుకే! పోయి ముఖం కడుక్కునిరా" అన్నాడు మావయ్య, అక్కడే గట్టు మీద చతికిలబడుతూ. "త్వరగా రా. వచ్చి, మొదటి పాయింటు నుంచీ చెప్పు. ఎలా ఆడారే?"