నల్లబండ మీద నా మొగం

మొన్న సోమవారం తాడిపత్రిలో నేను చచ్చిపోయినా. ఎన్ని గంటలకు పోయినానో నాకే సరిగ్గా తెలీదు. ఎందుకంటే ఆ టైముకు నేను ఉరవకొండ నుంచి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉడకేసిన చెనిక్కాయలు తింటాండా. పదకొండుకు బస్సు దిగేటప్పటికి ఊర్లో సగం మంది నా కోసం ఏడ్చేసినారు, మిగతా సగం మంది ఏడ్చేదానికి బయలుదేరినారు.

నన్ను ఎరగనోళ్ళకు రెండు ముక్కలు చెప్తా. ముప్పై ఏండ్లు లారీ తోలినా. తాడిపత్రి బండలు బొంబాయి దాకా మోసినా. నాటకాల్లో దుర్యోధనుడంటే ఈ జిల్లాలో నేనే. ఒకసారి ఉరవకొండలో నేను స్టేజీ మీద నవ్వితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. గిట్టనోళ్ళు లోడు ఎక్కువై కాలిందంటారు. ఆ లోడు నా నవ్వుది కాకుంటే ఇంకెవురిదప్పా?

మా అన్న కూతురు భాగ్య అనంతపురంలో డ్రాయింగు కోర్సు చదివింది. దాని క్లాస్‌మేట్ ఖాజా వాళ్ళ నాయన బండలకు పాలిష్ పట్టే పని చేస్తాడు. వీళ్ళిద్దరూ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు పట్టుకొని, నున్నగా పాలిష్ పట్టిన నల్లబండ మీద సన్న ఉలితో చుక్క చుక్క కొట్టి బొమ్మలు చేస్తామని మొదలుపెట్టినారు. ఉలి తగిలిన చోట తెల్లగా వస్తాది. దగ్గర నుంచి చూస్తే చుక్కలే, నాలుగడుగులు వెనక్కి పోతే మనిషి.

మా అన్నకు ఇది మింగుడు పడలా. "ఊరంతా బండలు కాళ్ళ కింద పరుచుకుంటాంటే నువ్వు గోడకు తగిలిస్తావా పాపా? ఉగాది లోపల ఒక్క పెద్ద ఆర్డరు తెచ్చి చూపించు. లేకుంటే ఉలి ఆడ పెట్టి, సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా చేరు" అన్నాడు. భాగ్య సరేనని తలకాయ ఊపింది. దాని వేళ్ళ మీద ఉలి దెబ్బలు చూసినా నేను.

ఉగాది పది రోజులుందనగా రామసుబ్బయ్య అని ఒకాయన వచ్చినాడు. కొత్తగా కల్యాణ మండపం కడతాండాడు. లోపలి గోడ పొడుగునా పెండ్లి ఊరేగింపు చెక్కించాలంట. "నెమళ్ళు, ఏనుగులు ఎవురైనా కొడతారమ్మా. మనిషి మొగం కుదురుతాదా? ఎవురిదైనా ఒక మొగం కొట్టి పెట్టండి. సోమవారం వచ్చి చూస్తా" అని చెప్పి పోయినాడు.

ఎవురిది కొట్టాలని పిల్లలు తలలు పట్టుకుంటే, నేను స్టూలు లాక్కొని కూర్చున్నా. ఇంక వేరే మొగం యాడ వెతుకుతారు? మూడు రోజులు కదలకుండా కూర్చున్నానప్పా. ఈగ వాలినా మీసం కదల్లా. ఖాజా ఒకసారి దగ్గరికొచ్చి నా ముక్కు కింద వేలు పెట్టి చూసినాడు.

"ఏంరా?"

"ఊపిరి ఆడతాందా లేదా అని మామా. శానా సేపైంది కదలక."

అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. నా మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అయితే కింద ఖాళీ జాగా చూసి నా నోరు ఊరుకోలా. "పేరు రాయి పాపా. పేరు ముందర నటసింహం అని రాయి" అంటి.

"పేరు వద్దులే చిన్నాయనా, బొమ్మ చాలు" అనింది భాగ్య.

"నీకు తెలీదు. పుట్టిన ఊరు, పుట్టిన సంవత్సరం కూడా రాయి. లేకుంటే రేపు చరిత్ర రాసేటోళ్ళు నా గురించి కొట్లాడుకుంటారు."

పెద్దోని మాట కాదనలేక రాసింది. ఆదివారం నేను ఉరవకొండకు పోతాండా, ఆడ కొత్త నటులకు నాలుగు మెళకువలు చెప్పాల. పోతా పోతా ఇంకో మాట చెప్పినా. "రేపు పొద్దున ఆ రాయికి పూజ చేయకుండా రామసుబ్బయ్యను పిలుచుకురావద్దు. కొత్త లారీ వస్తే మేం ఏం చేస్తాం? కుంకుమ పెట్టి, పూలదండ వేసి, ఊదుబత్తీలు ముట్టించి, టెంకాయ కొడతాం. మీ పనికి ఇదే మొదటి రాయి. దీనికీ అంతే. రోడ్డు మీదికి కనపడేటట్టు పెట్టండి."

నేను చెప్పింది చెప్పినట్టే చేసినారు పాపం. పూజ చేసి, రాయిని షెడ్డు ముందర కుర్చీ మీద నిలబెట్టి, తలుపు మూసి, ఇద్దరూ రామసుబ్బయ్యను పిలుచుకొచ్చేదానికి మండపం కాడికి పోయినారు. గంట సేపు ఆడ మనిషి లేడు. నేను ఒక్కన్నే ఉండా, దండేసుకొని.

ఇదేమీ తెలియకుండా నేను బస్సు దిగినా. టీ అంగడి ఓబులేసు నన్ను చూసి చేతిలో గ్లాసు జారవిడిచినాడు. పగిలిన గ్లాసు కూడా చూడకుండా, "అన్నా, నీకు కవల తమ్ముడు ఏమన్నా ఉండాడా?" అన్నాడు.

"నాలాంటోడు ఇంకొకడు పుడితే ఈ భూమి మోయలేదప్పా" అంటి. టీ ఇచ్చినాడు గానీ నా వేలు తగలకుండా ఇచ్చినాడు. సరే, బొమ్మ చూసుంటాడు, మర్యాద పెరిగింది అనుకుంటి.

ఆటో ఎక్కితే ఆ డ్రైవరు రోడ్డు చూడకుండా అద్దంలో నన్నే చూస్తాండాడు. రెండు సార్లు గుంతలో దించినాడు. ఎదురుగా వచ్చే ముసలామె ఒకతి నన్ను చూసి దండం పెట్టి, వెంటనే వెనక్కి తిరిగి వేరే సందులో దూరింది. ఇంత అభిమానం నాకు ఉండేది నిజమే గానీ, ఒక్క పూటలో ఇంత పెరగడమేందబ్బా అని నాకే తికమకగా ఉండాది.

షెడ్డు కాడ జనం. అందురూ చెప్పులు విడిచినారు. బొమ్మ చూసేదానికి చెప్పులు విడుస్తాండారంటే కళ మీద ఎంత గౌరవమో అని, వెనకాల నిలబడి మీసం దువ్వుకున్నా. ముందర నా పాత జోడీ నరసింహులు మాట్లాడతాండాడు. నా దుర్యోధనుడికి వాడు భీముడు.

"అట్లాంటి నటుడు మళ్ళా పుట్టడు" అన్నాడు కండ్లు తుడుచుకుంటా. నాకు కూడా కండ్లు చెమ్మగిల్లినాయి. సన్మానమే అనుకుంటి. "మనిషి బంగారం. ఉన్న మాట చెప్పుకోవాల గదా, పద్యాలు మాత్రం మరిచిపోతాండె. సగం పద్యాలు నేనే తెర వెనక నుంచి అందిస్తాంటి. పాపం, పోయినోని గురించి ఎందుకులే."

"యాడ మరిచిపోయినానురా?" అని అరిచినా.

జనం రెండుగా చీలింది. నరసింహులు నన్ను చూసినాడు, రాయిని చూసినాడు, మళ్ళా నన్ను చూసి అట్లే కింద కూలబడినాడు. భీముడు పడింది నా ముందర అదే మొదటిసారి.

అప్పుడు కనపడినారు పిల్లలు, రామసుబ్బయ్యతో. వాళ్ళు నాకన్నా ముందే వచ్చినారంట. "మామ బతికే ఉండాడు, ఊరికి పోయినాడు" అని ఖాజా గొంతు చించుకుంటే, "పాపం, పిల్లోడు తట్టుకోలేకపోతాండాడు" అని ఎవురో వాని వీపు నిమిరి నీళ్ళు తాపించినారు. మా ఊర్లో నల్లబండ మీద మొగం, పేరు, పుట్టిన సంవత్సరం చెక్కి దండేస్తే అది సమాధి మీద పెట్టే రాయని పసిపిల్లోనికి కూడా తెలుసు. నాకొక్కనికే తెలీలా.

రామసుబ్బయ్య చెప్పులు వేసుకుంటాండాడు. "నాది పెండ్లిండ్లు జరిగే జాగా తల్లీ. ఇట్లాంటి పని అక్కడ వద్దు."

భాగ్య మొగం రాయికన్నా నల్లగా అయింది. నేను దుర్యోధనుడి గొంతు తీసి ఏదో చెప్పబోతే ఒక్క ముక్క రాలా. నిజంగానే మరిచిపోయినా. భాగ్యే అడ్డం నిలబడి మాట్లాడింది.

"మనిషి మొగం కుదురుతాదా అని మీరే అడిగినారు సార్. ముప్పై ఏండ్లు పక్కన వేషం వేసినాయన కూడా నమ్మి ఏడ్చినాడు. ఇంకెట్ల కుదరాల?"

రామసుబ్బయ్య ఒక చెప్పు వేసుకున్నోడు అట్లే నిలబడిపోయినాడు. నన్ను చూసినాడు. రాయి కాడ వంగి నా మీసం మీద వేలు పెట్టి చూసినాడు. చివరికి, "మీ చిన్నాయన మాత్రం గోడ మీద ఉండకూడదు" అన్నాడు. "దండలు పెండ్లికొడుక్కి, పెండ్లికూతురికి మాత్రమే. పేర్లు గీర్లు ఏమీ వద్దు. రేపటి నుంచి మొదలుపెట్టండి."

ఖాజా నన్ను ఎత్తి తిప్పినాడు. బతికినందుకేమో అనుకుంటి గానీ ఆర్డరు వచ్చినందుకంట. నేను ఒక పూట చావకుంటే ఆ ఆర్డరు వచ్చేదా, మీరే చెప్పండి. ఆ మాటే మా అన్నతో అంటే, ఆయన నన్ను పక్కకు జరిపి భాగ్యను చూసి నవ్వినాడు.

ఇంక ఆ రాయి. షెడ్డులో పెట్టుకోమంటే పిల్లలు వద్దన్నారు. ఇంటికి తెచ్చి నడవలో గోడకు తగిలిస్తామనుకుంటే మా ఆడామె లక్షుమ్మ వాకిలి కాడే ఆపింది.

"ఒక మొగంతోనే వేగలేకపోతాండా, రెండోదెందుకు?" అని, రాయిని తట్టి చూసి, "మందంగా బాగుండాది. కొళాయి కాడికి తీసుకురా" అనింది.

బోర్లా వేసినాము. ఇప్పుడు దినామూ దాని మీద నా పంచెలు ఉతుకుతాది. పైన ఆమె దబదబా బాదుతాంటే, కింద నటసింహం మన్నులో మొగం పెట్టుకొని నవ్వుతాండాడు. నిన్న ఆ చప్పుడు విని పక్కింటామె కూడా వచ్చి అడిగింది: "లక్షుమ్మక్కా, ఇట్లాంటి బండ మా ఆయనది కూడా ఒకటి కొట్టిస్తావా?"