భైరవమూర్తి బూట్లు కొల్లేట్లో దిగబడిన వేసవి

మొన్నామధ్య టీవీలో టోపీ పెట్టుకున్న ఒక డిటెక్టివు నోట్లో సిగరెట్టు తీయకుండానే నలుగురిని చితకబాదుతుంటే, పక్కన కూర్చున్న మా మనవరాలు మీ రోజుల్లో ఇలాంటివాళ్ళు ఉండేవారా అని అడిగింది. ఉండేవారని చెప్పి ఊరుకోలేకపోయాను. అలాంటి మొండిఘటం ఒకడి చేత తప్పు ఒప్పించినదాన్ని నేను. ఆ సంగతి నా ఈడువాళ్ళైన మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పందొమ్మిది వందల ముప్పైలలో నేను తాడేపల్లిగూడెం కాపురానికి వచ్చేనాటికి మావారు రైల్వే స్టేషన్లో టిక్కెట్ల గుమాస్తా. నా పుట్టిల్లు కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున. మా నాన్న ధాన్యం వ్యాపారం మీద వానాకాలమంతా పడవలోనూ, వేసవిలో అదే దారిన ఎడ్లబండి మీదా తిరుగుతుంటే ఆయన వెంట ఆ సరస్సంతా చూసి పెరిగాను. అత్తగారికి దగ్గరి చూపు మందగించడం వల్ల మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడకు పురాణం చదివి వినిపించడం నా వంతు. ఒకనాడు మావారు ప్లాట్‌ఫారం మీద కొన్న డిటెక్టివ్ నవల చేతికి తగిలి, సరదాకి రెండు పేజీలు చదివి మూయబోయాను.

"ఆపకమ్మాయ్, ఇంతకీ వాడు తలుపు తీశాడా లేదా?" అన్నారావిడ.

ఆ రోజు నుంచి పురాణం ఏకాదశికి మాత్రమే మిగిలింది.

ఆ నవలల్లో డిటెక్టివు పేరు భైరవమూర్తి. నడుముకి రివాల్వరు, నోట్లో చుట్ట, మోకాళ్ళదాకా బూట్లు; పోలీసుల్ని నమ్మడు, పెద్దమనుషుల్ని అసలే నమ్మడు, అయినా దిక్కులేనివాళ్ళ కోసం ఎంతటివాడి దవడైనా పగలగొడతాడు. వాటిని రాసేదీ అచ్చువేసేదీ ఏలూరులో సొంత ప్రెస్సున్న ఒకాయనే. మా అత్తగారికి భైరవమూర్తి సొంత తమ్ముడికన్నా ఎక్కువ. వాడికి దెబ్బ తగిలిన రోజున ఆవిడ సాయంత్రం కాఫీ కూడా ముట్టేవారు కాదు.

అలాంటిది ఒక నవల చివర్లో, మామిడిపళ్ళ రోజుల్లో, వడగాలి కొడుతుండగా, హంతకుడు పడవెక్కి కొల్లేటికి అడ్డంపడి పారిపోవడమూ, భైరవమూర్తి ఇంకో పడవలో తరమడమూ చదివేసరికి నాకు నవ్వాగలేదు. వైశాఖంలో అక్కడ పడవెలా నడుస్తుందత్తయ్యా, నేను బండిలో వెళ్ళిన దారి అది అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అయితే ఆయనకు ఉత్తరం రాయి, వాడి చేత మళ్ళీ అబద్ధం ఆడించకుండా ఉంటాడు అన్నారు. రాశాను.

జవాబు ఉత్తరంగా రాలేదు, తర్వాతి నవలకు ముందుమాటగా వచ్చింది. గూడెం నుంచి ఒక సోదరి రాసిందనీ, వంటింటి బిందెలోకి తొంగిచూసి కొల్లేటి లోతు కొలవవద్దనీ అందులో ఎకసెక్కం. స్టేషన్లో అందరూ చదివారు. మావారిని కొల్లేరు కలెక్టరు గారి మొగుడని పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఇక వదిలెయ్యమన్నారు. నాకు కన్నీళ్ళొచ్చాయి. వదలనిది అత్తగారే. ఈసారి ఉత్తరం ఆవిడే చెప్పి రాయించారు: వైశాఖంలో తమరే వచ్చి చూడండి, పడవ నడిస్తే మా కోడలు జన్మలో నవల ముట్టదు, నడవకపోతే ఆ మాట తమరే అచ్చువెయ్యండి. ఆ ఉత్తరం డబ్బాలో వేశాకే పందెంలో పెట్టినదేమిటో తెలిసొచ్చింది. ఆ మధ్యాహ్నాలు పోతే నాకింకేం మిగులుతుంది?

ఆయన పౌరుషంగా వస్తానన్నాడు. భీమడోలు స్టేషన్లో ఏలూరు బండి దిగినాయన్ని చూసి మా అత్తగారు నా భుజం గిల్లారు. పొట్టి మనిషి, కానీ టోపీ, కోటు, మోకాళ్ళదాకా బూట్లు, అచ్చం భైరవమూర్తి వేషం! నలుగురం రెండెడ్లబండిలో దక్షిణంగా కొల్లేటి దారి పట్టాం. ఎంత దూరం పోయినా నెర్రెలు తీసిన నేల, ఎండిన తుంగ. నా గుండె కుదుటపడుతుండగా ఆయన బండిలోంచి లేచి నిలబడి చెయ్యి చాపాడు.

"అదిగోనండీ నీళ్ళు! తళతళలాడటం లేదూ?"

"అది ఎండమావండీ," అన్నాను. "అటు వెళ్ళకండి, పైన పెచ్చు కట్టినా కింద బురదే."

వినలేదు. పదడుగులు వేశాడో లేదో మోకాళ్ళదాకా దిగబడిపోయాడు. లాగినకొద్దీ ఇంకా దిగుతున్నాడు. మావారు పరిగెత్తబోతే ఆపి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, తుంగ మోళ్ళ మీద అడుగులేసుకుంటూ వెళ్ళి, బండివాడి పొడుగాటి కర్ర అందించాను. మనిషి బయటపడ్డాడు, బూట్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

బండిలోంచి మా అత్తగారు, "ఏవండీ, రివాల్వరు జాగ్రత్తగా ఉందా అండీ?" అన్నారు.

కోప్పడతాడనుకున్నాం. ఆయన బండి నీడన చతికిలబడి, బురద కాళ్ళు చూసుకుని కడుపుబ్బ నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"అయితే హంతకుడెలా పారిపోతాడమ్మా?"

"పారిపోలేడండీ. ఊరికి కొత్తవాడైతే మీలాగే దిగబడతాడు. దాటాడంటే వాడు ఈ ఒడ్డున పుట్టినవాడేనండీ."

ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు.

ఆ నవల రెండోసారి అచ్చయినప్పుడు చివరి మూడు ప్రకరణాలూ కొత్తవి. అందులో భైరవమూర్తి మొదటిసారి టోపీ తీసి ఒక పల్లెపడుచు వెనకాల, ఆమె అడుగులో అడుగేస్తూ బురద దాటి హంతకుణ్ణి పట్టుకుంటాడు. ముందుమాటలో, సోదరి కొలిచిన లోతే నిజమని, కింద నా పూర్తి పేరు. మావారు ఆ పుస్తకం టిక్కెట్ల కిటికీలో బయటికి కనబడేలా నిలబెట్టారు. అత్తగారు ఆ ముందుమాట నా చేత మూడుసార్లు చదివించుకుని, నాలుగోసారి కంఠతా నాకే వినిపించారు. ఆ తర్వాత ఏలూరులో అచ్చయ్యే ప్రతి నవలా ముందుగా రైలు పార్సెల్లో మా ఇంటికి వచ్చేది. వానలూ, కాలవలూ, రైళ్ళ వేళలూ నేను సరే అన్నాకే భైరవమూర్తి గడప దాటేవాడు.

ఆ ఏలూరాయనా లేడు, అత్తగారూ మావారూ లేరు. పోయినేడు మా అబ్బాయి కారులో అటు తీసుకెళ్ళాడు. మండు వైశాఖంలో ఎటు చూసినా చేపల చెరువులు, గట్ల నిండా నీళ్ళు. బండిదారి ఆనవాలు కూడా దొరకలేదు. ఇప్పుడెవరైనా ఆ నవల చదివితే, ఎవరో సోదరి కొల్లేరు ఎండుతుందని బుకాయించిందనే అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ గట్టు మీద నిలబడి, ఈ నీళ్ళ అడుగున ఒక జత బూట్లున్నాయిరా అని మా అబ్బాయితో చెప్పాను, వాడు నమ్మలేదు.