ముందే అచ్చయిన ఓటమి

మొన్న బాపట్ల గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తుంటే, జపానులో సుమో కుస్తీ చేసిన ఒకాయన ఆ బరి వదిలేసి, టిక్కెట్టు పెట్టి ఆడే ప్రదర్శన కుస్తీల్లో చేరిన వైనం కనబడింది. సుమో నుంచి తప్పుకునేవాడి జుట్టుముడిని అయినవాళ్లంతా తలా కాస్త కత్తిరిస్తారట, చివరి కత్తెర మాత్రం గురువుదేనట. ఏడో తరగతి దాటని నాకు లోకం చూపించినవి గ్రంథాలయం బల్లలే కాబట్టి, ఏది దొరికినా రెండుసార్లు చదవడం అలవాటు. రెండోసారి చదువుతుంటే ఆ జపాను మనిషి పోయి మా బావ కనబడ్డాడు.

మా అక్క భర్త ఆయన. తెనాలి తాలింఖానాలో కుస్తీ నేర్చాడు. అక్కడి వస్తాదు గారు ముసల్మాను పెద్దాయన. వేమూరు నుంచి సైకిలు తొక్కుకొచ్చే రైతుబిడ్డలు, మాలాంటి చర్చి కుటుంబాలవాళ్లు, అందరూ ఆయన శిష్యులే. అక్కడొక కట్టుబాటు ఉండేది. పోటీలో ఎవరి వీపు నేలకు తగిలితే వాళ్లు మర్నాడు పొద్దున్నే వచ్చి గోదా మట్టి తవ్వి గుల్ల చేయాలి. అది శిక్ష కాదు, పడినవాడికి మట్టిమీద కోపం మిగలకూడదని. బావకు ఆ పని పడింది బహు తక్కువ. భట్టిప్రోలు పోటీలో మోకాలు మెలితిరిగాక అసలు కుస్తీకి పనికిరాకుండా పోయాడు. ఇల్లు గడవాలి గనక, ఊరూరా తిరిగే ఫ్రీస్టైల్ కుస్తీల కంపెనీలో చేరాడు. అక్కడ ఎవరు గెలవాలో యజమానే చెబుతాడన్న సంగతి అక్కకూ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. వస్తాదు గారికి తెలిస్తే మళ్లీ తాలింఖానా గడప తొక్కనివ్వరని బావ భయం.

నేనప్పుడు తెనాలిలోనే ఒక ప్రెస్సులో కంపోజిటరుని. తిరగేసి పేర్చిన సీసపు అక్షరాల్ని కూడా గడగడా చదవగలనని గర్వంగా ఉండేది. కంపెనీవాళ్లు తెనాలి ఆటకు ముందురోజే, ఆ తర్వాతి రేపల్లె ఆటకు పోస్టర్లు వేయించుకున్నారు. పేర్చేవాడికి అక్షరాలే గాని అర్థం కనబడదు. అచ్చుకాగానే తీగమీద ఆరేశాను. ఆ మధ్యాహ్నం వస్తాదు గారు మనవరాలి పెళ్లికార్డుల కోసం వచ్చారు. తెలుగు చక్కగా మాట్లాడతారు గాని చదవడం రాదు. పోస్టరుమీద ముసుగుమనిషి బొమ్మ చూసి, "ఏంటబ్బాయ్ అది? చదివి పెట్టు," అన్నారు. ఎవరైనా చదవమంటే పొంగిపోయే రోజులు. గొంతు సవరించుకుని, తెనాలిలో మా బావను చిత్తుచేసిన ముసుగువీరుడు రేపల్లె వస్తున్నాడని, బావ పేరుతో సహా చదివేశాను. చదివాక గాని తట్టలేదు, తెనాలి ఆట రేపు సాయంత్రమని. ఆయన కార్డుల కట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. జరిగింది బావకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు వస్తాదు గారు టిక్కెట్టు కొనుక్కుని ముందువరసలో కూర్చున్నారు. బావ ఆయన్ని చూశాడు. ఆట మధ్యలో ముసుగుమనిషి నడుము చక్కగా చేతికి దొరికింది. ఒక్క క్షణం పట్టు బిగించాడు, ఎత్తి కూలేస్తాడనే అనుకున్నాను. వదిలేశాడు. కాసేపటికి, అనుకున్నట్టే, వెల్లకిలా పడ్డాడు.

తెల్లవారి బావ పార భుజాన వేసుకుని తాలింఖానాకు బయల్దేరితే నేనూ వెనకే వెళ్లాను. వస్తాదు గారు అరుగుమీద కూర్చుని ఉన్నారు.

"ఓడినోడు గదరా మట్టి తవ్వాల్సింది. నిన్న నువ్వు ఓడిపోయావా?"

బావ భుజాన ఉన్న పార దించాడు. "లేదండి. పడ్డానంతే."

"పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారండి."

"అయితే తవ్వు."

బావ కుంటుకుంటూ గోదా అంతా తవ్వాడు. ఒక మూల మిగిలి ఉండగా వస్తాదు గారు దిగి వచ్చి, పార అందుకుని, ఆ మూల తానే తవ్వారు. ఎవరూ రావద్దనలేదు గాని, బావ మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆనాడు నాకు అర్థంకాని ఆ మూల, ఇన్నేళ్లకు ఎక్కడో జపానులో గురువు వేసే ఆ చివరి కత్తెరలో అర్థమైంది.

బావా లేడు, వస్తాదు గారూ లేరు; పోస్టరు చదివింది నేనేనని బావకు చివరిదాకా చెప్పలేదు. గోదా ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు. మా మనవలు టీవీలో కుస్తీలు చూస్తూ, అదంతా ముందే అనుకున్నదేనని నాకే చెప్పి, హాయిగా కేకలేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. అయినా ఆ ఆట ముగిసి తెర మారినప్పుడల్లా అనిపిస్తుంది, ఆ పడిన మనిషికి మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని వెళ్లడానికి ఒక చోటంటూ ఉందో లేదోనని.