మనలి ప్లాంటులో తొమ్మిది నిమిషాలు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మా నాన్న కోడంబాక్కం స్టూడియోల్లో లైట్‌మన్‌గా చేశారు. తెర మీద దయ్యాన్ని చూసి జనం జడుసుకుంటే, ఆ పొగ ఎవరు వదిలారో, నీలం కాగితం ఏ లైటుకు కట్టారో ఆయన అన్నం తింటూ మాకు చెప్పేవారు. పైగా నా ఉద్యోగం కంప్యూటర్లతో. కంప్యూటర్ ఏ పని చేసినా, ఎవరు చెప్తే చేసిందో, ఎన్ని గంటలకు చేసిందో ఒక వరుస రాసి పెట్టుకుంటుంది. లాగ్ అనే ఆ వరుసలు చదవడమే నా పని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఊరికే ఉత్తరపు చివరన ఉన్న మనలిలో ఒక రసాయనాల ప్లాంటులో సిస్టమ్స్ చూస్తాను. పేరు అక్కర్లేదు. మా సర్వర్ రూములో రెండు పెద్ద మెషీన్లున్నాయి. ఒక్కోదాంట్లో పదిహేనేసి వర్చువల్ మెషీన్లు. అంటే విడిగా పెట్టెలుండవు గానీ, వేటికవే వేరే కంప్యూటర్లలాగా పనిచేస్తాయి. జీతాలకొకటి, స్టోర్స్‌కొకటి, గ్యాస్ సెన్సర్లకొకటి, అలా.

వాటన్నిటికీ రోజూ కాపీ తీసి మాధవరంలోని మా గోడౌను ఆఫీసుకు పంపాలి. పాత ఏర్పాటు మరీ నెమ్మదిగా ఉందని, లినక్స్ మీద కొత్త బ్యాకప్ ప్రాక్సీ పెట్టమన్నారు. మధ్యలో నిలబడి మోసే మెషీన్నే ప్రాక్సీ అంటాం. ఒక్కో మెషీను డిస్కును కాసేపు తనకు తగిలించుకుని, చదివి, మాధవరం పంపి, వదిలేస్తుంది. ఏ డిస్కులు తీసుకోవాలో జాబితా నేనిస్తాను. అందులో లేనిదాన్ని అది ముట్టుకోదు.

గ్యాస్ సెన్సర్ల మెషీన్ను జాబితాలో పెట్టలేదు. దాని సాఫ్ట్‌వేర్ పాతది. కాపీ తీసేటప్పుడు రెండు మూడు క్షణాలు బిగుసుకుపోతుంది. సరిగ్గా అప్పుడే ఏదైనా లీకైతే ఏం గతి అని మేనేజర్ వద్దన్నారు. నాకూ సబబే అనిపించింది.

మంగళవారం పొద్దున లినక్స్ ఎక్కించాను. అనుమతులు ఇచ్చాను. పదకొండున్నరకు మొదటి కాపీ నడిపాను. ఒక్క తప్పూ రాలేదు. పని అయ్యాక ప్రాక్సీకి దాని సొంత డిస్కు తప్ప మరొకటి తగిలి ఉండకూడదు. చూస్తే ఇంకొకటి ఉంది. గ్యాస్ సెన్సర్లది.

నా చెయ్యి జారిందేమో అనుకుని తీసేశాను. లాగ్ చూశాను. ఆ డిస్కును తగిలించమని ఎవరూ చెప్పిన వరుస లేదు.

బుధవారం అదే సమయానికి మళ్ళీ తగిలించుకుంది. నా పక్కన పనిచేసే కార్తీక్ చూసి, సాఫ్ట్‌వేర్‌లో లోపమే అని తమిళంలో అని, టీకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. దయ్యం భయం కాదు. సెన్సర్ల మెషీను బిగుసుకుపోతే ఆ పాపం నాది. గురువారం పొద్దున పది గంటల ఐదు నిమిషాలకు ప్రాక్సీని ఆపేశాను. తప్పు దొరికేదాకా ముట్టుకోకూడదనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే గ్యాస్ లీకైంది.

సైరన్ మోగలేదు. కింద అరుపులు విని మేము మెట్లు దిగి పరిగెత్తాం. కళ్ళు మండుతున్నాయి. గేటు బయట చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. లోపలినుంచి దామోదరం అన్న ఒక మనిషిని వీపు మీద వేసుకుని వచ్చాడు. దామోదరం అన్న సెన్సర్ రూము ఆపరేటర్, ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆ వీపు మీద మనిషి యోహాను, కాంట్రాక్టు పనివాడు, అన్న వాళ్ళ వీధివాడే. వాళ్ళు గేటు దాటగానే నేను అంబులెన్సుకు ఫోను చేశాను. ఆ కాల్ నా ఫోనులో ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం రెండు గంటల పన్నెండు నిమిషాలకు.

ఆస్పత్రికి చేరేసరికే యోహాను ప్రాణం పోయిందన్నారు.

మర్నాటికల్లా ఆఫీసంతా ఒకటే మాట: దామోదరం సైరన్ నొక్కలేదు. అలారం వచ్చినా పట్టించుకోలేదని మేనేజర్ పోలీసులకు కూడా చెప్పారు. అన్న వచ్చి సర్వర్ రూము వాకిట్లో నిలబడ్డాడు.

"సుజాతమ్మా, నేను నొక్కినా. ఆ పెట్టెలో రాసుంటాది గదా? నువ్వు తీసి చూపిస్తే సరి."

"అన్నా, లీకప్పుడు కరెంటు తీస్తే యూపీఎస్ బ్యాటరీ కూడా నిలవలేదు. మిగతావన్నీ లేచాయి. మీ సెన్సర్ల డిస్కు ఒక్కటే తెరుచుకోవడం లేదు."

"తెరుచుకోలేదంటే?"

"అందులో ఏముందో తెలీదన్నా."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "జైలుకు పోతే పోతా. యోహాను పెండ్లాము మొగం ఎట్ల చూసేది? వాండ్ల పాప నన్ను మామా అంటాది."

జాబితాలో ఆ మెషీన్ను పెట్టనిది నేనే. ప్రాక్సీని ఆపిందీ నేనే.

ఏమైనా మిగిలిందేమోనని మాధవరం స్టోరేజిలో వెతికాను. మంగళ, బుధవారాలవి మిగతా మెషీన్ల కాపీలే. వాటి తర్వాత ఇంకొక్క కాపీ ఉంది. గ్యాస్ సెన్సర్ల మెషీనుది. గురువారం, మధ్యాహ్నం రెండు ఇరవై.

రెండు ఇరవైకి ప్రాక్సీ ఆగి ఉంది. పొద్దున నేను ఆపిన వరుస లాగ్‌లో ఉంది. ఆ తర్వాత దాన్ని లేపిన వరుస లేదు. అదీగాక భద్రత కోసం రెండు పదకొండుకే ప్లాంటు మొత్తం కరెంటు తీసేశారు. సర్వర్లు ఆగిపోయిన నిమిషం, మాధవరంతో లైను తెగిన నిమిషం, రెండూ అదే.

కాపీ తెరిచాను. రెండు ఆరుకు అలారం. వెంటనే సైరన్ బటన్ నొక్కినట్టుంది. రెండు ఏడుకు మళ్ళీ. మరమ్మతు కోసం సైరన్ వైరు విప్పి, తిరిగి కలపలేదని మెయింటెనెన్స్ పుస్తకంలో తేలింది. అన్న తప్పేమీ లేదు.

అయితే రికార్డు అక్కడితో ఆగలేదు. రెండు పన్నెండు నుంచి బటన్ మళ్ళీ నొక్కుతూనే ఉన్నారు. ఇరవై సెకన్లకొకసారి, రెండు ఇరవై దాకా. కరెంటు లేదు. గదిలో మనిషి లేడు.

విచారణకు వచ్చిన అధికారి ఆ భాగం చూసి, గడియారం తప్పయ్యుంటుందన్నారు. సర్వర్లది, మాధవరంది, నా ఫోనుది, మూడు గడియారాలు నేను సరిపోల్చాను. మూడూ సరిగ్గానే ఉన్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ మాటంటే మొదటి రెండు నొక్కులు కూడా నమ్మకుండా పోతారు. ఈ బ్యాకప్ ఎవరు తీశారని ఆయన అడిగారు. నేనే అన్నాను. కాగితం ముందుకు తోశారు. సంతకం పెట్టాను.

అన్న మీద కేసు లేకుండా పోయింది. వారం తర్వాత ఇంట్లో వండిన పాలకాయలు తెచ్చిచ్చి, పోకుండా నిలబడ్డాడు.

"ఆడ శానాసార్లు నొక్కినట్టుందంట గదమ్మా. విచారణకొచ్చిన సార్ చెప్పినాడు."

"అవునన్నా."

"నేను రెండుతూర్లే నొక్కినా. మోగలే. ఎవురో అరిస్తే బయటికి పరిగెత్తినా, ఆడ యోహాను పడుండాడు. వాణ్ణి ఎత్తుకున్నా. వాడు నా వీపు మీద చేత్తో తడతానే ఉన్నాడమ్మా. నోట మాట లేదు. నొక్కు, నొక్కు అన్నట్టు ఉండె నాకు. గేటు కాడికి వచ్చినాక ఆగిపోయె."

నేను ఫోను తీసి ఆ కాల్ చూశాను, రెండు పన్నెండు. ఆయనకు చూపించలేదు.

ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. లినక్స్ తెలిసిన ఇద్దరికి, పేర్లు చెప్పకుండా, లాగ్‌లు చూపించాను. ప్రాక్సీ తనంతట తను డిస్కు తగిలించుకోవడానికి ఒకరు ఏదో కారణం చెప్పారు. ఆపేసిన మెషీను కాపీ ఎలా మోసిందంటే ఇద్దరూ లాగ్‌లు నాకే తిరిగిచ్చేశారు. అలాంటి ప్రాక్సీలు నలభై దాకా ఆ తర్వాత పెట్టాను. ఏదీ జాబితా దాటి ఒక్క డిస్కునూ ముట్టుకోలేదు.

విచారణ ఫైలులో ఆ కాపీ కింద నా పేరుంది. అది నేను చేసిన పని కాదు. ఎవరు చేశారో ఇప్పటికీ చెప్పలేను.