పెద్దాయన పంచె

ఆ శుక్రవారం మా అత్తయ్య నా ఫ్లాటులో సోఫా అంచున కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, "డ్రైవరు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చేదాకా చూస్తానే. అప్పటికీ తేలకపోతే ఈ సంబంధం వద్దని మీ నాన్నకి చెప్పేస్తాను" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పెళ్ళి ఆవిడ ఒక్క ఫోను మీద ఆగి ఉంది మరి.

అత్తయ్య మా నాన్నకి అక్క. కోనసీమ నుంచి ఇంటిపనికని కువైట్ వచ్చి, ఒకే మామా దగ్గర, అంటే ఒకే ఇంటి యజమానురాలి దగ్గర, వంట చేస్తూ జుట్టు నెరిసిపోయింది. నన్ను చదివించిందీ, హవల్లీలో టీచరు ఉద్యోగం ఉందంటే రప్పించిందీ ఆవిడే. మా ఇంట్లో వావివరసలు తేల్చేదీ ఆవిడే. ఆవిడ కాదంటే మా నాన్న నోరెత్తడు.

నేను చేసుకుంటానన్నతను మారిషస్ తెలుగువాడు, ఇక్కడే కువైట్‌లో, అహ్మదిలో ఇంజనీరు. అత్తయ్యకి మొదట బాగానే నచ్చాడు. ఆవిడకి దణ్ణం పెట్టి, మా పెద్దలదీ గోదావరి జిల్లాయేనండీ అంటూ గర్వంగా ఇంటిపేరు చెప్పాడు. వాళ్ళింట్లో పూజ చేసినప్పుడల్లా తలుచుకునే పేరట. అది మా ఇంటిపేరు.

అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టేసింది. "అయ్యో రామా! ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళవుతారు కదే!"

ఊరికే పేరు కలిసిందిలే అందామంటే మా ఇంట్లో ఓ కథ ఉంది. తెల్లదొరల కాలంలో మా ముత్తాత అన్నగారు కాకినాడలో ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి పోయాడనీ, మళ్ళీ రాలేదనీ చెప్పుకుంటారు. ఏటా పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆ పెద్దాయన కోసం ఒక పంచె పెడతారు. ఇతను ఆ పెద్దాయన వంశమే అయితే నాకు వరసకి అన్నయ్య.

"ఎప్పటి పెద్దాయనత్తయ్యా! సముద్రాలు దాటి పోయినవాడితో ఇప్పుడు నాకేం పని?" అని అరిచాను.

"నోర్ముయ్. ఆయన వేరు, వీళ్ళ మనిషి వేరని కాగితం చూపించండి. నేనే ముందు నిలబడి అక్షింతలేస్తాను."

ఆ కాగితం కోసమే మారిషస్‌లో అతని చెల్లెలు పాత రికార్డుల ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. వలస వచ్చిన ప్రతి కూలీకీ అక్కడ ఒక పేజీ ఉంటుందట. ఆ పేజీ నకలు ఆ శుక్రవారం చేతికిస్తామన్నారు. అతను నా పక్కన కూర్చుని నిమిషానికోసారి తన ఫోను చూసుకుంటున్నాడు. నేను అన్నం వండి, ఎవరికీ వడ్డించడం మరిచిపోయాను.

అతని ఫోను మోగగానే ముగ్గురం లేచాం. ఫొటో వచ్చింది, పేజీలో పై సగం. అతను చదివాడు. పేరున్నచోట సిరా అలికిపోయింది. ఊరు మాదే. తండ్రి పేరు మా ముత్తాత తండ్రిది.

"ఖలాస్," అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "నా చేతిలో ఏవుందే తల్లీ!" ఫోనులో మా నాన్న నంబరు వెతకసాగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. మళ్ళీ పట్టుకున్నాను. ఆవిడ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

"ఆగండి, ఇంకోటి వచ్చింది," అన్నాడతను.

పేజీ కింది సగంలో మనిషి ఫొటో ఉంది. బోసి మెడతో ఒక ఆడమనిషి, చంకలో పసివాడు. కెమెరా వైపు కోపంగా చూస్తోంది. ఆ ముక్కు అచ్చం అత్తయ్యదే.

అతను మెల్లగా చదివాడు. "భర్త చనిపోయాడు. వెంట నెలల కొడుకు. దగ్గరి బంధువు, తమ్ముడు." ఆ తమ్ముడి పేరు మా ముత్తాతది. కొడుకు పేరు దగ్గర వేలు పెట్టి, "ఈ బాబే మా తాతయ్య," అన్నాడు.

అత్తయ్య ఫోను లాక్కుని ఆ మొహాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "అన్న కాదే, అక్క," అంది. "పాపం, పుట్టింటి పేరే పట్టుకెళ్ళింది. పిల్లాడికి వచ్చేది తండ్రి ఇంటిపేరు గానీ ఇది కాదుగా. ఒసేయ్, ఇతను నీకు బావే!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"ముండమోసిన పిల్ల ఒక్కర్తీ ఓడెక్కిందంటే పరువు పోతుందని మనవాళ్ళు దాన్ని మగాణ్ణి చేసేసేరు. మీ నాన్న మాత్రం తక్కువా? నన్నొదిలేసి పోయిన మొగుడికి కువైట్‌లో ఉత్తుత్తి ఉద్యోగం వేయించేడు. నేను పంపిన డబ్బుకి, బావ డబ్బు పంపేడు, బావ డాబా కట్టించేడని ఊరంతా చెప్పుకుంటాడు."

కిందనుంచి డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ లేవలేదు. నాన్నకి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"తమ్ముడూ, వరస తేలిపోయింది. బావామరదళ్ళే, ముహూర్తం పెట్టించు. ఇంకో మాట. ఈ ఏడు పెద్దాయనకి పంచె పెట్టకు. చీర పెట్టు."

"చీరేంటక్కా? ఊళ్ళోవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"మా ఇంటి ఆడది ఒంటరిగా సముద్రం దాటిందని చెప్పు. ఎవరని అడిగితే, ఇద్దరున్నారని చెప్పు."